కాటన్ దొర - గోదావరి వరదలు

1803లో ఇంగ్లండులో జన్మించిన ఆర్థర్ కాటన్ 1821లో మద్రాసుకు వచ్చారు. ఆయన గోదావరిని పరిశీలించేనాటికి ఈ ప్రాంతం 1833నాటి కరవును, 1839లో కోరంగిని ముంచిన ఉప్పెనను అనుభవించి యున్నది. కాలువలకు నీరు ఎక్కాలి, వరదకు దారి ఉండాలి. 1847లో ధవళేశ్వరం వద్ద ప్రారంభించి 1852లో పూర్తిచేసిన ఆనకట్ట ఈ రెంటినీ సాధించింది. వరదనీరు దానిపైనుండి పొర్లి పోయేది.

ఇట్టి కట్టడాలకు సగటు ప్రవాహపు లెక్క చాలదు. ఏటేటి గరిష్ఠ ప్రవాహాలను బట్టి రాబోవు పెనువరదను అంచనా కట్టే గణితానికి 1928లో ఫిషర్, టిప్పెట్ పునాది వేయగా, గంబెల్ దానిని నదులకు అన్వయించారు. నూరేండ్ల వరద అనగా నూరేండ్లకొకమారు వచ్చేది కాదు. ఏ యేటనైనా నూటికొక పాలు సంభవింపదగినది. 1899లో మరణించిన కాటన్‌కు ఈ శాస్త్రం అందలేదు.

పాత ఆనకట్ట స్థానమున వెలసిన బ్యారేజి ఆయన పేరనే ఉన్నది. 1986 ఆగస్టులో అక్కడ సుమారు 35 లక్షల క్యూసెక్కుల నీరు ప్రవహించింది. గట్లు తెగి ఊళ్లు మునిగాయి. నిన్నటి గరిష్ఠమే చివరి గరిష్ఠమని నమ్మరాదని మేము విద్యార్థులకు మనవి చేస్తున్నాము. ఏటేటా నీటిమట్టాన్ని శ్రద్ధగా నమోదు చేయడం కూడ ప్రాణరక్షణయే.