మల్లవీర కోడి రామమూర్తి నాయుడుగారు

మన పశ్చిమసీమలో తాలింఖానా మట్టి త్రొక్కి, దండీలు బస్కీలు తీసి, కఱ్ఱసాము నేర్చిన పెద్దలకు కలియుగ భీముడను బిరుదు వినగనే తోచు పేరు కోడి రామమూర్తి నాయుడుగారిది.

వీరు 19వ శతాబ్ది తుదిభాగమున శ్రీకాకుళసీమలోని వీరఘట్టమున జన్మించిరి. చిన్ననాడే తల్లి గతింపగా, తండ్రి వెంకన్న నాయుడుగారు కుమారుని విజయనగరమున పోలీసు శాఖలో నున్న తమ సోదరుని యొద్ద నుంచిరి. బాలునకు పుస్తకముకంటె గోదాపై మక్కువ మెండు. పినతండ్రి దానిని దోషముగా నెంచక వ్యాయామశాలకు బంపెను. పిమ్మట రామమూర్తిగారు మద్రాసు సైదాపేటలో శిక్షణ పొంది, విజయనగరమున వ్యాయామోపాధ్యాయులైరి. అటుపై సర్కసు సంఘము నెలకొల్పి దేశమెల్ల దిరిగిరి.

ఱొమ్మునకు ఉక్కుగొలుసు బిగించి త్రెంచుట, రెండు మోటారు కార్లను చేతులకు గట్టిన త్రాళ్లతో కదలకుండ నిలుపుట, ఱొమ్ముపై పలక వేయించుకొని ఏనుగును నడపించుట వీరి ప్రసిద్ధ ప్రదర్శనములు. ఇవి కండబలముచేతనే సాధ్యమయ్యెనని తలంచుట పొరపాటు. పూరకముచే ఊపిరి నిండించి, కుంభకముచే బంధించినపుడు మొండెము ఱాతివలె గట్టిపడును. ఱొమ్ము వెన్నుల కండరములకు ఆధారము చిక్కును. పలక బరువును పంచును. అయినను ఏనుగు దాటువఱకు మనస్సు చలింపరాదు. ఒక్క శ్వాస తప్పిన ఎముకలు విఱుగును. ఆ నిశ్చలత్వమునకై వీరు ప్రాణాయామమును నిత్యానుష్ఠానముగా సల్పిరి, బ్రహ్మచర్యము వహించిరి, శాకాహారమునే భుజించిరి. మాంసము లేక బలము లేదను వారికి ఆ శరీరమే ప్రత్యుత్తరము.

ఐదవ జార్జి చక్రవర్తి కాలమున వీరు లండను కేగి రాజదంపతుల సమక్షమున తమ విద్య జూపిరి. భారతదేశపు హెర్క్యులిసు అని పేరు వచ్చెను. విదేశములలో ఎద్దులతో పోరినట్లును, విషప్రయోగమునకు గుఱియైనట్లును కథలు పెక్కు గలవు. బలవంతుని వెంట కథలు పెరుగుట లోకసహజము గాన వానిని విడిచెదను. ఆర్జించిన ధనమును దానధర్మములకు ధారాళముగా వెచ్చించిరనుట మాత్రము ఎల్లవారును ఒప్పుకొనునదే.

బండ్లను నిలిపిన ఆ పాదమునకే తుదకు వ్రణము పుట్టెను. వైద్యులు కాలు తీసివేయక తప్పదనిరి. శస్త్రచికిత్సకు మత్తుమందు వలదని, ప్రాణాయామముననే నిలిచి బాధ నోర్చిరని చెప్పుదురు. ఏనుగును మోసినపుడు వేలాది జనులు చప్పట్లు చఱచిరి. ఈ పరీక్షనాడు గోదా లేదు, గుంపు లేదు, సర్కసు డేరాయు లేదు. శ్వాస యొక్కటియే తోడు. నాకు వీరి జీవితమున మిక్కిలి గొప్పదిగా దోచు ఘట్టమిదియే.

కడపటి దినములను ఒరిస్సాలోని బలంగీరులో గడపి, 1942 జనవరిలో అచటనే పరమపదించిరి. శ్రీకాకుళమున క్రీడాప్రాంగణము వీరి పేర వెలసినది. విశాఖపట్టణ సాగరతీరమున వీరి విగ్రహము కలదు.