ఒంగోలు కొండమీద అయిదుగురు

ఎంత దున్నినను మొలక కానరాని చేను మనలో అనేకులకు తెలియును. లైమన్ జూయెట్ దొరగారికి అట్టి చేనే దొరికెను. వారు 1849లో నెల్లూరు చేరిరి. అంతకు ముందు డే దొరగారు 1836 మొదలుకొని తెలుగువారి మధ్య పాటుపడిరి గాని ఫలము బహు స్వల్పము. 1853లో అమెరికా బాప్తిస్టులు ఈ మిషనును మూసివేయుదమా యని తర్కించిరి.

ఆ సంవత్సరాంతమున దొరగారును దొరసానిగారును ఒంగోలు ప్రాంతమున సువార్త చెప్పుచు తిరిగిరి. 1854 జనవరి 1న తెల్లవారుజామున జూలియమ్మ, రూతమ్మ, క్రిస్టియన్ నర్సు అను తెలుగు విశ్వాసులతో కొండ యెక్కిరి. అందరును కలిసి అయిదుగురే. క్రింద ఊరిని చూచుచు, ఇచ్చటికొక సేవకుని పంపుమని ఒకరి తరువాత ఒకరు ప్రార్థించిరి. కొండ దిగునప్పటికి ఊరిలో ఏమియు మారలేదు. ఈ సంగతి మనము మరువరాదు.

1862లో దొరగారు స్వదేశము వెళ్లియుండగా మూసివేయు మాట మరల వచ్చెను. ఎవరు పంపకున్నను తిరిగిపోయి తెలుగువారి మధ్యనే చనిపోయెదనని వారు తేల్చి చెప్పిరి. అట్లయిన మిమ్మును పాతిపెట్టుటకైనను ఒకని పంపవలెనని కార్యదర్శి అనెనట! అట్లు వచ్చినవారే క్లౌ దొరగారు. వారు 1866లో ఒంగోలు చేరిరి. మరుసటి జనవరి 1న ఎనిమిదిమందితో అక్కడ సంఘమేర్పడెను.

తరువాత గొప్ప కరవు వచ్చెను. గింజల కొరకు ఎవరును చేరకూడదని క్లౌ దొరగారు కరవు కాలమున బాప్తిస్మములు నిలిపిరి. 1878 జూలై 3న గుండ్లకమ్మ యేటిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. పాతిపెట్టుటకు మనిషిని తోడిచ్చి పంపిన జూయెట్ దొరగారు అప్పటికిని ఈ దేశముననే సేవచేయుచుండిరి.