చాక్లెట్టు హెర్షీ కట్టిన బడి

ఆగస్టు 15న జెండా ఎగరేశాక మనకు చాక్లెట్లు పంచుతారు కదా! అమెరికాలో పాల చాక్లెట్టును మామూలు జనానికి అందించిన మనిషి మిల్టన్ హెర్షీ. ఆయన ఒక హాస్టలు బడి కూడా పెట్టాడు. అందుకే హాస్టల్లో చదివే మన కోసం ఆయన జీవితం రాస్తున్నాను.

హెర్షీ 1857 సెప్టెంబరు 13న పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఒక పల్లెలో పుట్టాడు. తండ్రి ఏ పనిలోనూ నిలిచేవాడు కాదు. ఊళ్లు మారి మారి కొడుకు చదువు నాలుగో తరగతితో ఆగిపోయింది. ప్రెస్సులో పనికి పెడితే అక్కడ కుదరలేదు. తర్వాత లాంకాస్టర్ పట్టణంలో ఒక మిఠాయి కొట్టులో చేరి పని నేర్చుకున్నాడు.

1876లో ఫిలడెల్ఫియాలో సొంత కొట్టు పెట్టాడు. ఆరేళ్లు కష్టపడితే అప్పులే మిగిలాయి. డెన్వర్ వెళ్లి మళ్లీ ఒకరి దగ్గర పనికి కుదిరాడు. తాజా పాలతో చేస్తే మిఠాయి రుచిగా ఉంటుందని అక్కడే తెలుసుకున్నాడు. తర్వాత న్యూయార్కులో పెట్టిన కొట్టు కూడా మూతపడింది. 1886లో ఉత్త చేతులతో లాంకాస్టర్ వచ్చాడు. అయినా పని మానలేదు. డెన్వర్లో నేర్చిన పాల మిఠాయే ఈసారి ఆయన్ని నిలబెట్టింది.

1893లో చికాగో ఎగ్జిబిషన్లో చాక్లెట్టు మిషన్లు చూసి కొన్నాడు. 1900లో మిఠాయి కంపెనీని పది లక్షల డాలర్లకు అమ్మేశాడు. పాలు దగ్గర్లో దొరకాలని, తను పుట్టిన చోటే పాడి రైతుల మధ్య పెద్ద ఫ్యాక్టరీ కట్టాడు. పనివాళ్ల కోసం ఇళ్లు, పార్కు, ఒక ఊరే లేచింది.

ఆయనకూ భార్య కిట్టీకీ పిల్లలు లేరు. 1909లో అనాథ పిల్లలకు హాస్టలు బడి పెట్టారు. మరుసటి ఏడు నలుగురు పిల్లలతో అది మొదలైంది. 1915లో కిట్టీ చనిపోయింది. 1918లో హెర్షీ తన ఆస్తిలో చాలా భాగం, దాదాపు ఆరు కోట్ల డాలర్లు, ఆ బడికి రాసిచ్చాడు. ఆ సంగతి 1923 దాకా పేపర్లకే తెలియలేదు. 1945 అక్టోబరు 13న ఆయన కన్నుమూశాడు.

ఒక సంగతి మాత్రం దాచకూడదు. ఆ బడి తెల్లజాతి మగపిల్లలకే అని మొదటి కాగితంలో రాశారు. అంటే మనం అక్కడ పుట్టి ఉంటే మనకు సీటు లేదు. 1960ల చివర్లో నల్లజాతి పిల్లల్ని, 1970ల్లో ఆడపిల్లల్ని చేర్చుకున్నారు. ఇది తెలిసి నాకు ముందు కోపం వచ్చింది. తర్వాత ఇలా అనిపించింది: హెర్షీ మంచి ఇల్లు కట్టాడు గాని తలుపు సగమే తీశాడు. మిగతా సగం తర్వాతివాళ్లు తీశారు.

క్వార్టర్లీలో లెక్కలు పోయాయని ఇంటికి వెళ్లిపోతామని పెట్టె సర్దుకుంటున్న చెల్లెళ్లూ, ఆయన రెండు ఊళ్లలో ఓడిపోయాడు, మూడో చోట గెలిచాడు. మీరు ఒక్క పరీక్షకే వెళ్లిపోవద్దు. రేపు మనం పెద్దయి ఏదైనా కడితే, తలుపు మొత్తం తీసిపెడదాం.

— 9వ తరగతి విద్యార్థిని