ఎరుపు దాటాక ఏముంది?

మామిడిపండు కొనేటప్పుడు మనం ఏం చేస్తాం? రంగు చూస్తాం, తొడిమ దగ్గర వాసన చూస్తాం, బొటనవేలితో మెల్లగా నొక్కుతాం. ఇంత చేసినా పండు తియ్యనిదో కాదో ఇంటికొచ్చి కోశాకే తెలుస్తుంది. ఇప్పుడు కొన్ని దేశాల్లో ఈ పని కాంతి చేస్తోంది. బెల్టు మీద కదిలే పండుపై వెలుగు పడుతుంది. పండుకి గాటు పడకుండానే లోపల తీపి ఎంతో అంచనా తెర మీద కనిపిస్తుంది. ఆ అంచనాకు పనికొచ్చే వెలుగులో చాలా భాగం మన కంటికి కనిపించనిదే. అలాంటి వెలుగు ఒకటుందని 1800లో కనిపెట్టిన వ్యక్తి విలియం హెర్షెల్. ఆయన యూనివర్సిటీ మెట్లు ఎక్కినవాడు కాదు. వృత్తిరీత్యా సంగీతకారుడు.

బ్యాండు మేళం ఇల్లు

హెర్షెల్ 1738 నవంబర్ 15న జర్మనీలోని హానోవర్‌లో పుట్టాడు. తండ్రి ఐజాక్ సైనిక బ్యాండులో ఓబో వాయించేవాడు. పెద్ద కుటుంబం, చిన్న జీతం. అయినా తండ్రి పిల్లలందరికీ సంగీతం నేర్పాడు. రాత్రిళ్లు ఇంట్లో సంగీతం గురించి, తత్వశాస్త్రం గురించి మాట్లాడుకునేవారు. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి పిల్లలకు నక్షత్రాలు చూపించడం కూడా ఆ తండ్రికి అలవాటే.

విలియం 14 ఏళ్లకే తండ్రి బ్యాండులో చేరాడు. 1757లో ఫ్రెంచి సైన్యం చేతిలో హానోవర్ ఓడిపోయాక ఇంగ్లండుకు వెళ్లిపోయాడు. మొదట సంగీతం కాగితాలకు నకళ్లు రాసి పొట్టపోసుకున్నాడు. తర్వాత పాఠాలు చెప్పాడు, కచేరీలు చేశాడు. 1766లో బాత్ నగరంలోని ఒక ప్రార్థనామందిరంలో ఆర్గన్ వాద్యకారుడిగా కుదురుకున్నాడు.

చెల్లెలి చదువు

హెర్షెల్ కథలో సగం ఆయన చెల్లెలు కరోలిన్‌ది. ఆమె ఆయనకంటే పదకొండేళ్లకు పైగా చిన్నది. పదేళ్ల వయసులో టైఫస్ జ్వరం వచ్చి ఆమె ఎదుగుదల ఆగిపోయింది. ఎత్తు నాలుగు అడుగులు దాటి కొద్ది అంగుళాలే. ఈ పిల్లకు పెళ్లి కాదని, ఇంటిపనికి తప్ప పనికిరాదని ఇంట్లో తీర్మానించారు. ఎక్కువ చదువు ఆడపిల్లకెందుకని తల్లి అడ్డుపడింది. తల్లి లేని సమయం చూసి తండ్రి ఆమెకు వయొలిన్ నేర్పేవాడు.

తండ్రి పోయిన కొన్నేళ్లకు, 1772లో, విలియం వచ్చి చెల్లెల్ని బాత్‌కు తీసుకెళ్లాడు. తల్లి ఊరికే ఒప్పుకోలేదు. కూతురు చేసే ఇంటిచాకిరీకి బదులు పనిమనిషిని పెట్టుకోవడానికి ఏటా డబ్బు పంపుతానని కొడుకు మాటిచ్చాకే ఆమెను పంపింది. అన్న దగ్గర కరోలిన్ పాట, ఇంగ్లీషు, లెక్కలు నేర్చుకుంది. తర్వాత తనే ఎనిమిది తోకచుక్కలు కనిపెట్టింది. 1787లో రాజు ఆమెకు ఏడాదికి 50 పౌండ్ల జీతం ఇచ్చాడు. ఇంగ్లండులో విజ్ఞానశాస్త్ర పనికి జీతం అందుకున్న మొదటి మహిళ ఆమే.

అద్దాలు, కొత్త గ్రహం

సంగీతంలో స్వరాల లెక్కలు చదువుతూ హెర్షెల్ అదే రచయిత రాసిన కాంతిశాస్త్రం పుస్తకం పట్టుకున్నాడు. అక్కడి నుంచి దృష్టి ఆకాశం మీదికి మళ్లింది. మంచి టెలిస్కోపు కొనే స్తోమత లేదు. రాగి, తగరం కలిపి ఇంట్లోనే అద్దాలు పోత పోశాడు. ఒకసారి 16 గంటలపాటు అద్దం మీంచి చేయి తీయకుండా సానపడుతుంటే కరోలిన్ ముద్దలు నోట్లో పెట్టింది.

1781 మార్చి 13న తన ఇంటి తోటలోంచి చూస్తుంటే కొత్త వెలుగు ఒకటి కనిపించింది. తోకచుక్క అనుకున్నాడు. అది గ్రహమని తర్వాత తేలింది. అదే యురేనస్. ప్రాచీనకాలం నుంచి తెలిసిన గ్రహాల జాబితాలో చేరిన మొదటి కొత్త పేరు. రాజు ఏడాదికి 200 పౌండ్లు ఇచ్చాడు. 43 ఏళ్ల వయసులో హెర్షెల్ సంగీతం ఉద్యోగం మానేసి పూర్తిగా ఆకాశానికి అంకితమయ్యాడు.

ఎరుపు పక్కన

1800 నాటికి ఆయన వయసు 61. సూర్యుణ్ణి చూడటానికి టెలిస్కోపుకు రంగుటద్దాలు పెట్టేవాడు. అప్పుడొక వింత గమనించాడు. ఒక అద్దంతో వెలుగు తక్కువైనా కంటికి వేడి తగులుతోంది. మరో అద్దంతో వెలుగు బాగా ఉన్నా వేడి లేదు. అయితే ఏ రంగులో ఎంత వేడి ఉంది?

ఎండను పట్టకం గుండా పంపి ఏడు రంగులుగా విడగొట్టాడు. నల్ల రంగు పూసిన థర్మామీటర్‌ను ఒక్కో రంగులో పెట్టాడు. పోల్చి చూడటానికి మరి రెండింటిని రంగుల బయట ఉంచాడు. ఊదాలో 2 డిగ్రీల ఫారన్‌హీట్, ఆకుపచ్చలో 3.25, ఎరుపులో దాదాపు 7 డిగ్రీలు పెరిగింది. ఎరుపు వైపు వెళ్లేకొద్దీ వేడి పెరుగుతుంటే, ఎరుపు అంచుతో అది ఆగుతుందని నమ్మకమేమిటి? థర్మామీటర్‌ను ఎరుపు దాటించి, ఏ రంగూ పడని చోట పెట్టాడు. అక్కడ వేడి ఇంకా ఎక్కువగా ఉంది. మనం నేడు పరారుణ కిరణాలు అంటున్నవి అవే.

ఆయన అక్కడితో ఆగలేదు. మంచినీరు, సముద్రపు నీరు, మద్యం ఇలా రకరకాల ద్రవాల్లోంచి ఆ వేడి ఎంత దాటుతుందో కొలిచాడు. ఒక్కో పదార్థం ఒక్కోలా అడ్డుకుంటోంది. అయితే దీన్నుంచి ఆయన తీసిన ముగింపు తప్పు. వేడి కిరణాలు, వెలుగు కిరణాలు రెండూ వేర్వేరు జాతులని తేల్చాడు. రెండూ ఒకటేనని శాస్త్రజ్ఞులు ఒప్పుకోవడానికి దశాబ్దాలు పట్టింది. 1840లో ఆయన కొడుకు జాన్, మసిపట్టించిన కాగితాన్ని ఆల్కహాల్‌తో తడిపి, ఆ కనపడని భాగం కాగితాన్ని ఎక్కడెక్కడ ఆరబెడుతుందో చూశాడు. మధ్యమధ్య ఖాళీలు కనిపించాయి.

పండు లోపలికి

ఆ ఖాళీల్లోనే పండు రహస్యం ఉంది. నీరు, చక్కెర అణువులు పరారుణ కాంతిలో తమకు సరిపడే భాగాన్ని పీల్చుకుంటాయి. పండులోకి కొద్దిలోతు వెళ్లి చెదిరి బయటికొచ్చిన కాంతిలో ఏ భాగం ఎంత తగ్గిందో చూస్తే లోపల ఏముందో లెక్కకట్టవచ్చు. అమెరికా వ్యవసాయశాఖలో కార్ల్ నోరిస్ అనే ఇంజినీరు 1960లలో ధాన్యంలో తేమ కొలవడానికి ఈ దారి పట్టాడు. 1980ల చివర జపాన్‌లో పీచ్ పండ్లను ఇలా ఏరడం మొదలైంది. ఆస్ట్రేలియాలో మామిడి ఎప్పుడు కోయాలో తేల్చడానికి చేతిలో పట్టే పరికరాలు వాడుతున్నారు.

అయితే యంత్రానికి ముందు నేర్పాలి. వందల పండ్లను కాంతితో కొలిచి, తర్వాత వాటినే కోసి, రసంలో తీపి చూసి, రెండు లెక్కలూ జతచేయాలి. ఒక రకానికి నేర్పిన లెక్క మరో రకానికి నేరుగా అతకదు. బంగినపల్లికి సరిపోయిన కొలతతో తోతాపురిని తూస్తే తప్పు అంచనాలు వస్తాయి. తప్పు పండుది కాదు, కొలతది.

హెర్షెల్ 1822 ఆగస్టు 25న, 83 ఏళ్ల వయసులో చనిపోయాడు. కరోలిన్ 97 ఏళ్లు బతికింది. పనికిరాదన్న ఆ పిల్లకు 1828లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ బంగారు పతకం ఇచ్చింది. ప్రోగ్రెస్ కార్డులో కనిపించే రంగులన్నీ చూశాక, ఆ అంచు అవతల కూడా ఒక థర్మామీటర్ పెట్టి చూడటం తల్లిదండ్రులుగా మన వంతు.

ఇంట్లో చేసి చూడండి

టీవీ రిమోట్ కొనను మొబైల్ కెమెరా వైపు తిప్పి బటన్ నొక్కమని మీ పిల్లలకు చెప్పండి. కంటికి ఏమీ కనిపించదు, కెమెరా తెర మీద మాత్రం చిన్న వెలుగు మినుకుమంటుంది. వెనక కెమెరాలో కనిపించకపోతే ముందు కెమెరాతో ప్రయత్నించండి. అది హెర్షెల్ కనిపెట్టిన వెలుగే. సూర్యుణ్ణి మాత్రం కంటితోగానీ, అద్దాలతోగానీ నేరుగా చూడనివ్వకండి.