చీపురు పట్టిన శిల్పి: జేమ్స్ మరే స్పాంగ్లర్

గాలితో దుమ్మును పీల్చి సంచిలో నింపే యంత్రాన్ని ఇంగ్లండు ప్రజలలో పలువురు నేటికీ హూవర్ అనే పిలుస్తారు. కాని హూవర్ గారు తోలు సామానుల వర్తకులు మాత్రమే. ఆ యంత్రాన్ని స్వహస్తాలతో కట్టినవారు ఒక దుకాణంలో నేల ఊడ్చి పొట్టపోసుకున్న వృద్ధుడు. ఆయన జీవితాన్ని పాఠకుల ముందుంచదలచాము.

జేమ్స్ మరే స్పాంగ్లర్ 1848లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో జన్మించి, పిమ్మట ఒహాయో రాష్ట్రంలో స్థిరపడ్డారు. బుద్ధి పదునైనది, చేతిలో కాసు నిలువలేదు. 1887లో ధాన్యపు కోత యంత్రానికి, 1893లో ఎండుగడ్డిని తిరగవేసి పోగుచేసే సాధనానికి పేటెంట్లు పొందారు. అవి ఆయన దారిద్ర్యాన్ని తీర్చలేదు. అరవై ఏండ్లు సమీపించిన వేళ కాంటన్ పట్టణంలోని జోలింజర్ దుకాణంలో ఊడ్చే కొలువు తప్పలేదు.

ఆయనకు ఉబ్బసం. మన వైపు దీనిని దమ్ము అంటాము. తివాచీలను ఊడ్చేకొద్దీ దుమ్ము లేచేది, ఊపిరి ఆడేది కాదు. పని మానితే కూడు లేదు, మానకుంటే ప్రాణానికే ముప్పు. ఈ సంకటమే ఆయనకు గురువైనది. ఒక పెట్టె, చిన్న విద్యుత్ మోటారు, రెక్కల పంకా, తిరిగే కుంచె, చీపురు కర్ర, ఒక దిండు గలీబు: ఇంతే సామగ్రి. కుంచె దుమ్మును రేపుతుంది, పంకా దానిని లోనికి లాగి వెనుకనున్న గలీబులోకి నెడుతుంది. గాలి గుడ్డ రంధ్రాల గుండా వెడలిపోగా దుమ్ము లోపలే నిలుస్తుంది.

లింగాల ఘనపూర్ వాకిళ్లలో తివాచీలు లేవు గాని, మాఘ ఫాల్గుణాలలో రాలే వేపాకుకు కొదువ లేదు. దానికి నిప్పు పెడితే లేచే పొగ దమ్ము రోగికి శత్రువు. ఈ సూత్రంతోనే ఆకులను పీల్చే యంత్రాన్ని ఇంట కట్టుకొనవచ్చును. అయితే ఒక మార్పు అవసరము. స్పాంగ్లర్ యంత్రంలో దుమ్ము పంకా రెక్కల మీదుగా పోతుంది. ఆకులతో పాటు పుల్లలు, గులకరాళ్లు వస్తాయి కనుక రెక్కలు విరుగుతాయి. అందుచేత పంకాకు ముందు మూత బిగించిన డ్రమ్ము నుంచాలి. మూతకు రెండు గొట్టాలు: ఒకటి ఆకులు వచ్చేది, రెండవది జల్లెడ కట్టి పంకాకు కలిపేది. విశాలమైన డ్రమ్ములో గాలి వేగం తగ్గి ఆకు అడుగున పడుతుంది. తడి ఆకు గొట్టంలో ఇరుక్కుంటుంది, ఎండినదే పనికివస్తుంది. నిండిన డ్రమ్మును ఎరువు గుంతలో కుమ్మరించవచ్చును.

స్పాంగ్లర్ కంటె ముందే, 1901లో, ఇంగ్లండులో బూత్ అనే ఇంజనీరు పీల్చే యంత్రాన్ని నిర్మించారు. అది గుర్రాలు లాగే బండి. వీధిలో నిలిపి కిటికీల గుండా గొట్టాలు పంపేవారు. శ్రీమంతుల ఇండ్లకే అది తగినది. ఒక్క మనిషి చేతితో నెట్టుకొనే యంత్రాన్ని ప్రజలకు అందించిన ఘనతలో స్పాంగ్లర్‌కే పెద్ద వాటా చెందుతుందని మా అభిప్రాయం.

1908 జూన్ 2న ఆయనకు పేటెంటు లభించింది. పెట్టుబడి లేదు. యంత్రం పనితనాన్ని హూవర్ గారి భార్య సుజాన్ తన ఇంట చూచి మెచ్చారు. మోటారు కార్లు వస్తున్నందున గుర్రపు జీనుల వ్యాపారానికి కాలం చెల్లుతుందని గ్రహించిన హూవర్, అదే సంవత్సరం హక్కులను కొన్నారు. స్పాంగ్లర్ ఆ సంస్థలోనే పనిచేస్తూ, అమ్మకాలపై ప్రతిఫలం పొందారు. పేరు మాత్రం కొన్నవారిదే నిలిచింది. 1915 జనవరిలో ఆయన కన్నుమూశారు. ఆ ప్రతిఫలం 1925 వరకు ఆయన కుటుంబానికి అందుతూ వచ్చింది.