గ్రంథాలయసేవ – గ్రంథపాలకవృత్తి: పాతూరి నాగభూషణముగారి జీవితము

మన పల్లెలలో గ్రంథాలయము గలదా యని యడిగినచో గలదనియే బదులు వచ్చును. తలుపు తీయువా డెవడని యడిగినచో బదులు అంత త్వరగా రాదు. భవనము కట్టించిన దాత పేరు శిలాఫలకముపై నుండును. పుస్తకము లిచ్చినవారి పేర్లు అట్టలపై నుండును. సాయంకాలము తలుపు తీసి, దీపము వెలిగించి, అడిగినవానికి తగిన పుస్తకమును అందించువాని పేరు మాత్రము ఎక్కడను గానరాదు. ఆ పేరులేని పనికి గౌరవమును, శిక్షణమును, జీతమును సమకూర్చుటకై పాటుపడినవారిలో పాతూరి నాగభూషణముగారు అగ్రగణ్యులు. వారి చరిత్రను మా పాఠకులకు జ్ఞాపకము చేయదలచితిమి.

వీరు 1907 వ సంవత్సరమున తెనాలి తాలూకాలో దుగ్గిరాలకు చేరువనున్న పెదపాలెమున జన్మించిరి. వీరికి ఏడేండ్ల ప్రాయమున, అనగా 1914 లో, బెజవాడయందు చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి అధ్యక్షతను ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ జరిగెను. అయ్యంకి వెంకటరమణయ్యగారు ఆ యుద్యమమునకు ప్రాణమై నిలిచిరి. ఆ దినములలో గ్రంథాలయము దేశభక్తికి పుట్టినబిడ్డ. అక్కడ పత్రిక చదివి వినిపించువాడు పగలు బడిపంతులో, రైతుబిడ్డయో, కొట్టులో గుమాస్తాయో యగును. జీతము మాట యెవరును తలపెట్టరు. తలపెట్టిన నది చిన్నతనమని యెంచెడివారు. నాగభూషణముగారు ఆ వాతావరణముననే పెరిగి, పెదపాలెమున సేవాశ్రమమును నెలకొల్పి, గ్రంథాలయమును, వయోజన విద్యను దానికి రెండు కన్నులుగా జేసికొనిరి.

1935 లో వారు చేసిన పని వారి కీర్తికి మూలమైనది. కృష్ణ పశ్చిమ డెల్టా కాలువపై పెదవడ్లపూడి మొదలు కొల్లూరు వరకు పుస్తకముల పడవను నడిపించిరి. ధాన్యము మోయు కాలువ అక్షరములను మోసెను. చూచుటకు వింతయే గాని, అందు వింతకంటె గొప్ప పాఠమొకటి గలదు. పడవలో పట్టు పుస్తకములు కొలదియే. ఏ రేవునకు ఏ పుస్తకము కావలెనో, ఎవరికి ఏమి యిచ్చితిమో, తిరుగు పడవకు ఏది రావలెనో తెలిసినవాడే ఆ పనికి అర్హుడు. చదువరిని ఎరుగుటయు, పుస్తకమును ఎరుగుటయు, లెక్క తప్పకుండుటయు నేర్చినగాని రాని విద్యలు. సేవాభావము వానిని నేర్చుకొను నుత్సాహము నిచ్చును గాని వానికి బదులు కాజాలదు.

ఆ 1935 లోనే ఆంధ్ర విశ్వవిద్యాలయము గ్రంథాలయశాస్త్రమున డిప్లొమా తరగతి నారంభించెను. అంతకు పూర్వమే మద్రాసున రంగనాథన్‌గారు 1929 లో వేసవి శిక్షణ తరగతిని నడిపి, 1931 లో గ్రంథాలయశాస్త్ర పంచసూత్రములను ప్రకటించిరి. ఇటు కాలువపై పడవ, అటు వాల్తేరున తరగతి. రెండును ఒకే పనికి రెండు ముఖములని గ్రహించిన కొలదిమందిలో నాగభూషణముగారు ఒకరు.

అయితే పడవ నడచినది మాగాణి సీమలో. గుంటూరునకు పడమరను ప్రత్తియు మిరపయు పండు మెరకనేలలలో నాడు పడవ కాలువ యెక్కడిది? నరసరావుపేట ప్రాంతమునను, ఒంగోలు సీమలోను రైతు మిరపకల్లమునుండి ఇల్లు చేరునప్పటికే ప్రొద్దు గ్రుంకును. ఆ పల్లెలకు ఒక్క యూరి యుత్సాహము చాలదు; చట్టము కావలెను, ధనము కావలెను, నిలుకడగా నుండు మనిషి కావలెను. 1948 నాటి మద్రాసు గ్రంథాలయ చట్టము స్వతంత్ర భారతమున నిట్టి శాసనములలో మొదటిది. పిమ్మట 1960 లో ఆంధ్రప్రదేశ్ చట్టము వచ్చెను. ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ పన్ను ఏర్పడెను. జిల్లా గ్రంథాలయ సంస్థలు వెలసెను. గ్రంథపాలకుడు ఉద్యోగి యయ్యెను.

జీతము వచ్చిన సేవ పోవునని పాతతరమువారికి అనుమానము కలుగుట సహజము. నాగభూషణముగారు దానికి పనితోనే సమాధానము చెప్పిరి. గ్రంథాలయసంఘ కార్యదర్శిగా చిరకాలము శ్రమించి, గ్రంథాలయ సర్వస్వము పత్రికను నడపి, విజయవాడ పటమటలో సర్వోత్తమ భవనమును సంఘమునకు నిలయముగా జేసిరి. సంఘము నడపిన శిక్షణాలయమున చదివినవారు ఊరూర ఉద్యోగులైరి. ఆ విద్యాలయము తరువాత వారి పేరనే ప్రసిద్ధమైనది. వారు 1987 లో పరమపదించిరి.

ఈ జీవితమునుండి మేము గ్రహించు నీతి యిది. సేవకుడు శిక్షణ పొందుట వలన సేవ తగ్గదు; శిక్షణ లేని సేవ ఆ సేవకునితోనే అంతరించును. నేడు గణకయంత్రము వచ్చి గ్రంథపాలకుని పని మరల మారినది. చదువరికి తగిన దానిని వెదకి యిచ్చు నేర్పు మాత్రము మారలేదు.

మన పూర్వపు జమీందారీ కుటుంబములవారును, పట్టణవాసులును ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయము కొఱకు చెల్లించుచున్నారు. వసూలైన ఆ సొమ్ము సంస్థలకు సకాలమున చేరదనుట చిరకాలపు ఫిర్యాదు. దాతలై భవనములు కట్టించిన వంశములవారు పన్ను చెల్లించి యూరకుండుట తగదు. మా పైసలు ఏమైనవి, మా ఊరి గ్రంథాలయమున శిక్షణ పొందిన మనిషి కలడా యని పంచాయతీని, పురపాలక సంఘమును అడుగుట వారి హక్కు. పాతూరివారి పేర సభలు చేయుటకంటె ఈ ప్రశ్న నడుగుటయే వారికి తగిన స్మారకమని మా యభిప్రాయము.