హున్యాడీ వంశం

వూరిపేరు యింటిపేరుగా మారడం మన తెలుగువారికి కొత్త సంగతి కాదు. హంగరీ దేశంలోనూ ఒక పరాయి కుటుంబానికి అలాగే యింటిపేరు వచ్చింది.

సిగిస్మండ్ అనే రాజు హంగరీని పాలించే రోజుల్లో ఆయన కొలువులో వొయ్క్ అనే యోధుడు వుండేవాడు. కార్పేతియన్ కొండల కవతలి వలాకియా దేశస్థుడు. 1409లో రాజు అతని సేవకు మెచ్చి ట్రాన్సిల్వేనియాలోని హున్యాడ్ కోటను యిచ్చాడు. అతని కుమారుడే జాన్ హున్యాడీ. హంగరీవారు యానోష్ అంటారు.

జాన్ చిన్నతనం నుంచీ ప్రభువుల దగ్గర కొలువు చేశాడు. ఇటలీలో మిలాను ప్రభువు సేనలో పనిచేశాడు. బొహీమియావారు బండ్లను వరుసగా గొలుసులతో బంధించి, కోటగోడలాగ నిలిపి, వాటిచాటు నుంచి తుపాకులు పేల్చేవారు. ఆ పద్ధతిని యితడు తన సేనలోనూ పెట్టాడు. బండ్లతోనే బతుకు వెళ్ళబుచ్చే నాబోటి రైలు గుమాస్తాకు యీ సంగతి ముచ్చటగా తోచింది!

అప్పటికి తురుష్కులు డాన్యూబ్ నది దాకా వచ్చి వున్నారు. 1442లో హున్యాడీ వారిని ట్రాన్సిల్వేనియాలో ఓడించాడు. మరుసటి యేడు డాన్యూబ్ దాటి సోఫియా వరకు నడిచాడు. మంచుకాలం అడ్డుపడి వెనక్కు మళ్ళాడు. సుల్తాను మురాదు సంధికి ఒప్పుకున్నాడు. 1444లో పదేళ్ళ సంధి కుదిరింది. యువరక్తం పొంగుతున్న వ్లాదిస్లావ్ రాజూ, హున్యాడీ కూడా ప్రమాణం చేశారు. అన్యమతస్థునికి యిచ్చిన మాటను నిలుపుకోనక్కరలేదని పోపుగారి ప్రతినిధి చెజారీని బోధించాడు. సేన మళ్ళీ కదిలింది. నవంబరు 10వ తేదీన వార్నా వద్ద యిరవయ్యేళ్ళ రాజు సుల్తాను గుడారం వైపు గుర్రం దూకించి ప్రాణం పోగొట్టుకున్నాడు. హున్యాడీ తప్పించుకున్నాడు. అతని శౌర్యాన్ని యెంతయినా మెచ్చుకోవచ్చు గాని, యీ మాట తప్పిన పనిని మాత్రం నేను సమర్థించలేను.

కొత్త రాజు లాదిస్లావ్ పసివాడు కావడంచేత 1446లో హున్యాడీనే దేశపాలకునిగా యెన్నుకున్నారు. 1448లో కొసోవోలో మళ్ళీ ఓటమి. 1453లో కుస్తుంతునియాను పట్టుకున్న రెండవ మహమ్మదు 1456లో బెల్‌గ్రేడ్ కోటమీదికి వచ్చాడు. హంగరీ పెద్ద ప్రభువుల్లో చాలామంది కదలలేదు. కదిలింది పల్లె జనం. డెబ్బయ్యేళ్ళ సన్యాసి కపిస్ట్రానో వారిని కూడగట్టి తెచ్చాడు. కొడవళ్ళు, వడిసెలలే చాలామంది ఆయుధాలు. హున్యాడీ నదిమీద అడ్డుగా గొలుసులు కట్టిన తురుష్క నావలను ఛేదించి కోటలోకి చేరాడు. జూలై 21 రాత్రంతా భయంకర యుద్ధం జరిగింది. మరునాడు పల్లెజనం ఆజ్ఞ లేకుండానే కోట బయటికి వురికారు. సుల్తాను గాయపడి వెనుదిరిగాడు. కాని శిబిరంలో మహమ్మారి చొరబడింది. ఆగస్టు 11న హున్యాడీ పొరుగునున్న జెమున్‌లో కన్నుమూశాడు. అక్టోబరులో కపిస్ట్రానో కూడా పోయాడు.

దేశాన్ని నిలిపినవాని యింటికి దక్కిన బహుమానం వినండి. నవంబరులో హున్యాడీ పెద్దకొడుకు లాస్లో మనుషులు బెల్‌గ్రేడ్‌లో రాజబంధువు చిల్లీ ప్రభువును చంపారు. దానికి పగ తీర్చుకోనని లాదిస్లావ్ రాజు హున్యాడీ భార్య యెర్జెబెత్ యెదుట ప్రమాణం చేశాడు. ఆ తల్లి నమ్మింది. 1457 మార్చి 16న బుడా నగరంలో లాస్లో తల నరికించారు. రెండవవాడు మథియాస్‌ను బందీగా పట్టుకుపోయారు. వార్నా నాటి మాట తప్పడం యీ తల్లి కడుపు కోతతో తిరిగివచ్చిందా అని నాకనిపిస్తుంది. చరిత్రకారులు యిలా అనరనుకోండి.

ఆ నవంబరులోనే రాజు సంతానం లేకుండా ప్రేగ్‌లో మరణించాడు. 1458 జనవరి 24న హంగరీవారు పదిహేనేళ్ళు నిండని ఆ బందీనే రాజుగా యెన్నుకున్నారు. మథియాస్ 1490లో చనిపోయే దాకా పాలించాడు. ముక్కున వుంగరం పట్టుకున్న కాకోలం వారి కులచిహ్నం. అందుకే ఆయనకు కోర్వినస్ అనే పేరు. ఆయన గ్రంథాలయం ఐరోపా అంతటా ప్రసిద్ధి కెక్కింది. ధర్మపత్నుల వల్ల సంతానం లేదు. మరొక స్త్రీకి పుట్టిన కొడుకు 1504లోనూ, ఆ కొడుకు చిన్న బిడ్డ 1505లోనూ చనిపోవడంతో వొయ్క్ వంశంలో మగసంతు నిలవలేదు. హున్యాడ్ కోట మాత్రం నిలిచే వుంది, యిప్పుడది రుమేనియా దేశంలో వుంది.